అల్లుడు నేర్చిన స్తోత్రం

నేను ఒక సన్నికల్లుని. టర్కీ దేశంలో అనతోలియా అనే పీఠభూమి మీద, పేరు చెప్పినా మీకు నోరు తిరగని ఒక చిన్న ఊరి మ్యూజియంలో, గాజు అరలో ఉంటున్నాను. నా మీద ఒక పొత్రం, అదే నూరే చేతిరాయి, ఉంది. అది నాది కాదు. నాది ఎప్పుడో పోయింది. తవ్వకాల్లో దొరికిన ఇంకో రాతి తాలూకు పొత్రాన్ని తెచ్చి, పొడుగు సరిపోయింది కదా అని నా నెత్తిన పెట్టి, జంట కుదిరిందని సంతోషించారు. మీలో కూడా సంబంధాలు ఇదే పద్ధతిలో కుదురుస్తారని విన్నాను కాబట్టి నేనేమీ అనను.

నాకు తెలుగు ఎలా వచ్చిందని అడక్కండి. నోరు లేనివాళ్ళకి వినే తీరిక ఎక్కువ. ఆ సంగతి మీ అనుభవంలో లేకపోతే, మీ ఇంట్లో వంట చేసేవాళ్ళని అడగండి.

నా ముందు ఒక చీటీ పెట్టారు. 'ధాన్యం నూరే రాయి, హిట్టైట్ల కాలం' అని. చదివినప్పుడల్లా నవ్వొస్తుంది. వాళ్ళు హిట్టైట్లు కాకముందు నుంచీ నేనున్నాను. అద్దెకి దిగినవాడి పేరు ఇంటికి పెట్టినట్టుంది ఆ చీటీ.

నిప్పులు కక్కే కొండ ఒకటి, ఒళ్ళు తెలియని కోపంలో, నన్ను బయటికి ఉమ్మేసింది. చల్లారాక నల్లగా, ఒంటినిండా చిల్లులతో మిగిలాను. ఆ చిల్లులే నా విలువ. నున్నటి రాయి మీద గింజ జారిపోతుంది, నా మీద నిలబడి నలుగుతుంది. ఎవరో రాతిపనివాడు నన్ను దొర్లించుకొచ్చి, నడుం దగ్గర పల్లంగా చెక్కి, నాలుగు గంట్లు కొట్టి, "నేను చేశాను" అని చెప్పుకున్నాడు. కొండ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మనుషుల లెక్కలో ఏ పనికైనా కర్త చివర్న చెయ్యి పెట్టినవాడే.

నన్ను మొదట కొనుక్కున్నది హత్తి జనం. వాళ్ళ ఊరు హత్తుస్, కొండవాలున, గాలి చెవులు కోసే చోట. ఆ మట్టిలోంచి తామే మొలిచామని వాళ్ళకి గట్టి నమ్మకం. నాకు మట్టితో కూడా పరిచయం ఉంది, అది నాతో అలాంటి మాటేమీ అనలేదు. వాళ్ళకంటే ముందు దక్షిణాన మైదానంలో వేరే జనం ఉండేవాళ్ళట. చనిపోయినవాళ్ళని ఇంట్లోనే, తాము పడుకునే అరుగు కిందే పాతిపెట్టుకునేవాళ్ళట. అంటే అత్తగారు పోయినా ఇల్లు వదలదన్నమాట. ఆ జనం ఏమయ్యారో, తమని తాము ఏమని పిలుచుకున్నారో ఎవరికీ తెలీదు. అప్పుడు కూడా మేమే మొదటివాళ్ళం అనుకునే ఉంటారు.

తర్వాత అష్షూరు నుంచి గాడిదల బారులతో వర్తకులొచ్చారు. తగరం, బట్టలు తెచ్చేవాళ్ళు, వెండి పట్టుకుపోయేవాళ్ళు. అక్కడో భార్య, ఇక్కడో భార్య. రెండు చోట్లా 'నువ్వే నాకు దిక్కు' అని మట్టిపలకల మీద రాసి పంపేవాళ్ళు. కొన్ని తరాలకి గాడిదలూ వాళ్ళూ మాయమయ్యారు.

ఇంతలో నేస అనే ఊరి భాష మాట్లాడే రాజు ఒకడు తయారయ్యాడు. వాడు హత్తుస్‌ని ముట్టడించి, జనం ఆకలితో నకనకలాడుతుండగా లోపలికి జొరబడి, కాల్చి బూడిద చేశాడు. అంతటితో ఆగితే రాజెలా అవుతాడు? బూడిద మీద కలుపు విత్తనాలు చల్లించి, "ఇక్కడ మళ్ళీ ఎవడు కాపురం పెడతాడో వాడి నెత్తిన పిడుగు పడాలి" అని శపించాడు. కాలిన దూలం కిందనుంచి నేనూ విన్నాను. కలుపు ఏపుగా పెరిగింది. మేకలు వచ్చి తిన్నాయి. వాటి మీద పిడుగేమీ పడలేదు.

కొన్ని తరాలు గడిచాయో లేదో, అదే భాష మాట్లాడే ఇంకో రాజు వచ్చి, గాలి బాగుంది, నీళ్ళు బాగున్నాయి అని అక్కడే కోట కట్టాడు. ఊరి పేరు తన పేరులో కలిపేసుకున్నాడు. అతని జనం మేం హత్తి దేశస్థులం అని చెప్పుకోవడం మొదలుపెట్టారు. అసలు హత్తివాళ్ళు పక్కనే నిలబడి వింటున్నారు, వాళ్ళనెవరూ అడగలేదు. ఆ కొత్తవాళ్ళే మీ చీటీలో ఉన్న హిట్టైట్లు. ఆ శాపానికి పట్టిన గతి చూశాక నాకు తిట్ల మీద నమ్మకం పోయింది.

ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి. దేవుళ్ళంటే వాళ్ళకి మహా భయం. ఏ ఊరు గెలిచినా ఆ ఊరి దేవుళ్ళని కూడా ఇంటికి తెచ్చుకునేవాళ్ళు. ఏ దేవుడికి ఆ దేవుడి భాషలోనే పాట పాడాలని పట్టుదల. హత్తి దేవతకి హత్తి భాషలో పాడాలి. పాడేవాడికి అర్థం తెలియాలన్న నియమం మాత్రం ఎక్కడా లేదు. అర్థమయ్యేది దేవతకి కదా, మధ్యలో నీకెందుకు అన్న పద్ధతి.

ఈ హడావుడి కంటే ముందే, కలుపు మొక్కల మధ్యకి తిరిగొచ్చి పాక వేసుకున్న హత్తి కుటుంబం ఒకటుంది. వాళ్ళ ముసలమ్మ నన్ను బూడిదలోంచి తవ్వి తీసింది. ఆమె మనవరాలు హతల. నేను చెప్పబోయే గొడవ హతలదీ, ఆమె అల్లుడిదీ.

హతలకి మొగుడు పోయాడు. ఒక్కతే కూతురు, శుపియ. ఇంట్లో మగదిక్కు కావాలని నేసవాళ్ళ కుర్రాడిని ఇల్లరికం తెచ్చుకున్నారు. ఆ దేశంలో ఇల్లరికం ఉంది, చట్టంలో కూడా దానికో మాట ఉంది. అల్లుడి పేరు పెరువ. పొడుగ్గా, నెమ్మదిగా, మాట పూర్తి చేసేలోపు ఎదుటివాళ్ళు నిద్రపోయేంత నెమ్మదిగా ఉండేవాడు. చెడ్డవాడు కాదు. అదే హతలకి మరీ కష్టమైంది. చెడ్డవాడైతే అందరికీ చెప్పుకోవచ్చు.

పెళ్ళయిన కొత్తలో చుట్టాలు వచ్చి భోజనానికి కూర్చున్నారు. పెరువ బీరు కుండలోంచి గొట్టంతో పీల్చి, మూతి తుడుచుకుని, "మా హత్తివాళ్ళ బార్లీ రొట్టె రుచే వేరు" అన్నాడు.

పొత్రం పట్టుకున్న హతల చెయ్యి ఆగిపోయింది.

"ఎవరి హత్తివాళ్ళు నాయనా?" అంది.

"మనమే అత్తా! మా తాత నది దాటి వచ్చిన దగ్గర్నుంచీ..."

"నది దాటొచ్చాడుగా? మరి మేం ఏ నదీ దాటలేదు."

చుట్టాలు రొట్టె వైపు చూస్తూ నమిలారు. ఆ రోజు నుంచీ హతల పొద్దున్నే నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, బార్లీ నూరుతూ, హత్తి భాషలో అల్లుడిని తిట్టడం మొదలుపెట్టింది. పొత్రం ముందుకి పోయినప్పుడు సగం, వెనక్కి వచ్చినప్పుడు సగం.

పొయ్యి రాజేస్తే పొగ నీ కళ్ళలోకే రానీ.
నీ గాడిద నీ మాట తప్ప అందరి మాటా విననీ.
నువ్వు తినే ప్రతి ముద్దలో రాయి తగలనీ.
నా గడప రోజూ నీ కాలికి తగలనీ.
నువ్వు చెప్పే కథ సగంలో ఉండగానే అందరికీ నిద్ర రానీ.

ఇలా చాలా ఉండేవి. తూగుతో, లయతో, దంచినట్టు. ఇంట్లో ఎవరికీ ఆ భాష రాదు. శుపియ చిన్నప్పుడు నేర్చుకోమంటే, "బజార్లో ఎవరూ మాట్లాడరు, కోటలో ఎవరూ అడగరు, నాకెందుకమ్మా?" అంది. ఊళ్ళో ఆ భాష వచ్చినవాళ్ళు ఒక్కొక్కళ్ళే పోయారు. హతలకి మాట్లాడే తోడు లేక, ఉన్న భాషంతా తిట్లకి వాడేసింది. నాకైతే బాగానే ఉండేది. పనిలో పని, కాస్త సంగీతం.

ఇందులో ఒక్క తిట్టు ఫలించింది. ముద్దలో రాయి తగలడం. అది దేవతల పని కాదు, నా పని. నూరినప్పుడల్లా నాలోంచి కాస్త ఇసుక పిండిలో కలుస్తుంది. ఆ దేశంలో నలభై దాటిన వాళ్ళెవరికీ పళ్ళు తిన్నగా ఉండేవి కావు. పెరువకి అంతకు చాలా ముందే దవడ వాచింది.

దవడతో పాటు ఆ ఏడు బార్లీకి తెగులు తగిలింది. గాడిద కుంటింది. పెరువ చెంపకి ఉన్ని గుడ్డ కట్టుకుని శకునాలవాడి దగ్గరికి పోయాడు. ఆకాశంలో పోయే పక్షుల్ని చూసి అవును, కాదు చెప్పే మనిషి అతను. ఆ పద్ధతి మీకు తెలియాలి. పిడుగుల దేవుడికి కోపమా? పక్షి ఎడమకి పోయింది, కాదు. సూర్యదేవతకా? కాదు. చచ్చిన తాతకా? కాదు. ఇలా అడుగుతూ పోతే ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక పక్షి కుడికి పోక తప్పదు. ఎండ నడినెత్తికొచ్చి, శకునాలవాడికి ఆకలి వేసే వేళకి, "ఇంట్లో మనిషి నోరా?" అని అడిగారు. ఒక గద్ద కుడికి తిరిగింది.

పెరువ ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గడప కాలికి తగిలింది కూడా.

"అత్తా, పొద్దున్నే ఆ రాయి దగ్గర ఏమంటున్నావు?"

"నూరుకుంటున్నా."

"నోటితోనా?"

"నీకెందుకు? నీకు రొట్టె వస్తోందిగా!"

"రొట్టె వస్తోంది, దవడ పోతోంది. నాకేమన్నా పెట్టావా? మంత్రం గింత్రం?"

ఆ మాట నవ్వులాటకి అనేది కాదు. ఆ దేశంలో మంత్రం పెట్టినట్టు తేలితే రాజద్వారం దాకా ఈడ్చుకుపోయి విచారిస్తారు. ఆ తర్వాత మనిషి ఊళ్ళో ఉండదు. బతికుంటే పొలిమేర అవతల. హతల ఆ ఇంట్లోనే పుట్టింది, ఆ ఇంట్లోనే పోవాలని తప్ప ఆమెకి ఇంకో కోరిక లేదు. బయటికి పంపితే ఎక్కడికి పోతుంది? ఏ ఊరు పోయినా ఆ ఊళ్ళో కూడా నేసవాళ్ళే.

పెరువ గుడి నుంచి పాటగాడిని తీసుకురావడానికి వెళ్ళాడు. హత్తి దేవతలకి పాటలు పాడేవాడు కాబట్టి ఆ మాటలేమిటో అతనికే తెలియాలి కదా అని. అతను అటు వెళ్ళగానే శుపియ తల్లి పక్కన చతికిలబడింది.

"అమ్మా, నిజం చెప్పు. ఆయన్ని తిడుతున్నావా?"

"ఆఁ, తిడుతున్నా."

"రోజూనా?"

"పండగ రోజు ఇంకాస్త."

"అయ్యో దేవుడా! నీకేం అన్యాయం చేశాడే ఆయన? నిన్ను పల్లెత్తు మాట అనలేదే!"

"అందుకే. అన్నా బాగుండేది."

శుపియకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "రేపు వాళ్ళ ముందర ఏదో ఒకటి వేరేది చెప్పు. పాటో, పద్యమో. వాళ్ళకేం తెలుస్తుంది?"

"నాకు వేరేవి గుర్తు లేవే," అంది హతల. ఆ మాట చాలా నెమ్మదిగా అంది. "అమ్మ పాడేవి ఉండేవి. పోయాయి. రోజూ నోట్లో ఆడేది ఇదొక్కటే మిగిలింది."

మర్నాడు పాటగాడు వచ్చాడు. పేరు హపువ. కడిగిన బట్టలు, నూనె రాసిన గడ్డం, గుడి వంటల తాలూకు పొట్ట. నా ఎదురుగా చాప వేయించుకుని కూర్చున్నాడు. గుమ్మంలో పెరువ, చెంపకి గుడ్డ. మూలగా శుపియ, నోట్లో కొంగు.

"పెద్దమ్మా, రోజూ అనే మాట అను చూద్దాం," అన్నాడు హపువ.

హతల నా మీద గుప్పెడు బార్లీ పోసింది. పొత్రం పట్టుకుంది. ఊరికే చెప్పమంటే ఆమెకి మాట రాదు, చెయ్యి కదిలితేనే నోరు కదులుతుంది. నూరుతూ అంది. పొగా, గాడిదా, రాయీ, గడపా, నిద్రా, ఒక్కటి కూడా వదలకుండా అన్నీ. భయంతో గొంతు వణికింది. దానివల్ల వినడానికి మరీ భక్తిగా వినిపించింది.

హపువ గడ్డం కింద ఏదో కదిలింది. అతనికి అర్థమైంది. గుడిలో పాడేవాళ్ళల్లో చాలామందికి ఒక్క ముక్క రాదు కానీ, ఇతని నాయనమ్మ హత్తి మాట్లాడే ఉత్తరపు కొండల మనిషి. గాడిద అన్న మాట దగ్గర అతను దగ్గాడు. నిద్ర అన్న మాట దగ్గర పెరువ వైపు చూసి మళ్ళీ దగ్గాడు.

ఇప్పుడతను నిజం చెప్పాలి. చెప్తే ముసలమ్మ పోతుంది. జాలి వేసి ఊరుకున్నాడని మీరనుకుంటే, మీకు ఉద్యోగస్థుల సంగతి తెలీదన్నమాట. అతని లెక్క వేరు. గుడి పాటల్లో తరానికో తప్పు దొర్లుతోంది. ఎప్పుడైనా అనుమానం వస్తే అడగడానికి ఊళ్ళో మిగిలిన హత్తి నోరు ఈవిడదొక్కటే. ఈ నోరు పోతే తన పాటలో తప్పు పట్టుకుని దేవతకి కోపం వచ్చిన రోజున తన పొట్ట కూడా పోతుంది.

కళ్ళు మూసుకుని, చాలాసేపు తల ఊపాడు.

"ఏమయ్యా, దీన్నా మంత్రం అన్నావు?"

"కాదాండీ?" అన్నాడు పెరువ.

"ధాన్యదేవత స్తోత్రం! మా గుడిలో కూడా ఇంత పాతది లేదు."

శుపియ నోట్లోంచి కొంగు జారింది. హతల పొత్రం మీద చేతులు అలాగే ఉంచి, నన్నే చూస్తూ కూర్చుంది. ఆ ముఖంలో ఏముందో నేను చెప్పలేను. మనుషుల ముఖాలు నాకు కింద నుంచే కనిపిస్తాయి, చుబుకమే ఎక్కువ.

పెరువ మోకాళ్ళ మీద పడ్డాడు. దేవత స్తోత్రాన్ని అనుమానించాడు కదా, ఇప్పుడు దవడ ఏమవుతుందో, ఇల్లేమవుతుందో. "దోషం పోవాలంటే ఏం చెయ్యాలండీ? గొర్రెనిమ్మంటారా?"

"గొర్రె పంపు, వద్దనను," అన్నాడు హపువ.

అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ పెరువలో ఇంటి యజమాని నిద్ర లేచాడు. "నా ఇంటి దేవత స్తోత్రం నాకు రాకపోతే ఎలాగండీ? నేను నేర్చుకుంటాను. రోజూ పొద్దున్నే చేతులు కడుక్కుని నేనే చెబుతాను."

హపువ ఈసారి దగ్గు కాదు, తాగుతున్న బీరు పొలమారి చాపంతా తడిపాడు. "చెప్పు నాయనా," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "చాలా మంచిది."

ఇదీ మనుషుల తెలివి. చరిత్రలో ఎన్నో జనాలు ఎన్నో రకాలుగా మోసపోయాయి కానీ, తనని తిట్టే తిట్టుని తనే చేతులు కడుక్కుని మరీ నేర్చుకోవడం మాత్రం ఈ జనానికే చెల్లింది. దేవుళ్ళని వాళ్ళ భాషలోనే పిలవాలి, అర్థం అడగకూడదు అనే ఆచారం ఉన్నచోట ఇంకేం జరుగుతుంది?

ఆ వారం అంతా హతల బతుకులో పండగ. పెరువ నా ముందు నిలబడి, అరచేతులు పైకెత్తి, నేస యాసలో, "పొయ్యి రాజేస్తే పొగ నీ కళ్ళలోకే రానీ" అని దేవతకి మొక్కేవాడు. హతల నా మీద వంగి పొత్రం తోసేది. భుజాలు కదిలిపోయేవి. చూసినవాళ్ళు భక్తితో ఏడుస్తోందనుకున్నారు. శుపియ ఆ వేళకి కుండ పట్టుకుని నీళ్ళకి వెళ్ళిపోయేది.

కానీ ఎంత మంచి తిట్టయినా తప్పుగా తిడితే వినలేం. పెరువకి ఆ భాషలో గొంతు లోపలినుంచి రావలసిన శబ్దాలు ముక్కులోంచి వచ్చేవి. మాట చివర మింగేసేవాడు. మొదట్లో నవ్వుకున్న హతలకి నానాటికీ చిరాకు పెరిగింది.

"అలా కాదు. గొంతులోంచి. నీకు గొంతు లేదా?"

"ఇలాగా అత్తా?"

"ఇలాగైతే దేవత పారిపోతుంది. మళ్ళీ అను."

అతను మళ్ళీ అనేవాడు. తెలివైనవాడు కాదు కానీ, పట్టిన పని వదలడు. నాగలి పట్టినా అంతే, మాట పట్టినా అంతే. మంచు కురిసి తలుపులు మూసుకున్నాక, పొయ్యి చుట్టూ కూర్చోవడం తప్ప పని లేని రోజుల్లో, హతల నోటికి అడ్డు తొలగిపోయింది. అన్నేళ్ళుగా గొంతులో ఇరుక్కున్న మాటలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. నీళ్ళు తీసుకురా అన్న మాట ఆ భాషలో అనేది. అతను తెల్లబోయి చూస్తే, కుండ చూపించేది. తర్వాత ఉప్పు. తర్వాత నిప్పు, మంచు, తలుపు, రాయి, ఇంట్లో కంటికి కనిపించేవన్నీ. అల్లుడికి పాఠం చెప్పాలని ఆమెకి లేదు. ఎవరో ఒకరు ఆ మాటకి లేచి కుండ తేవడం ఆమెకి కావాలి.

శుపియ ఒకసారి అడిగింది. "నాకు చెప్పవేం అమ్మా?"

"నువ్వు అడగలేదు."

"ఆయన మాత్రం అడిగాడా?"

హతల ఇంకో గుప్పెడు బార్లీ పోసింది. పొత్రం గట్టిగా తోసింది.

మంచు కరిగింది. పెరువ పెరట్లోకి గాడిదని తోలుకొచ్చాడు. అది కదలనని భీష్మించింది. అతను ఎందుకో, చలికాలం అలవాటు వల్ల, దాన్ని హత్తి భాషలో పిలిచాడు. గాడిదా, రా, అన్నాడు. అది చెవులు తిప్పి చూసింది, రాలేదు. హతల గుమ్మంలోంచి చూసి నవ్వి, అదే మాట తను అంది. గాడిద నడిచి ఆమె దగ్గరికి పోయింది.

మర్నాడు పొద్దున్న చేతులు కడుక్కుని నా ముందు నిలబడ్డాడు. పొగ అన్నాడు. గాడిద అన్నాడు.

ఆగిపోయాడు.

పొత్రం కూడా ఆగింది. పెరువ పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి. ఆ వరస మొదటినుంచి అనుకున్నాడు. గాడిద. నీ మాట. అందరి మాట. తర్వాతది రాయి, ముద్ద. చెయ్యి దవడ మీదికి పోయింది. తర్వాతది గడప. ఒక్కో మాటా, తోటలో బండ ఎత్తితే కింద తేలు కనిపించినట్టు, కదులుతూ కనిపించింది. చివరి వరస చేరేసరికి అతని ముఖం ఎర్రబడింది. తను చెప్పే కథల సంగతి అతనికి తెలియదనుకున్నారు అందరూ.

హతలకి తెలిసిపోయింది. చేతులు ఒళ్ళోకి తీసుకుంది. కోట అంత దూరంలో లేదు. గుడిలో పాటగాడు అబద్ధమాడాడని కూడా తేలిపోతుంది. ఈసారి పక్షులు అక్కర్లేదు, సాక్షి అతనే, ప్రతి మాటా అతనికి కంఠస్థం. ఆమె ఇంటి కప్పు వైపు ఒకసారి చూసింది. దూలం, పొగ మసి, వేలాడే వెల్లుల్లి కట్ట. బతిమాలలేదు. ఆమెకి ఆ భాషలో కూడా, ఈ భాషలో కూడా బతిమాలడం రాదు.

పెరువ చెయ్యి దవడ మీదనుంచి తీశాడు. తర్వాత అరచేతులు మళ్ళీ పైకెత్తాడు. గాడిద దగ్గర్నుంచి అందుకున్నాడు. రాయి అన్నాడు, గడప అన్నాడు, నిద్ర అన్నాడు. చివరిదాకా అన్నాడు. ఈసారి అర్థం తెలిసి అన్నాడు కాబట్టి ఎక్కడ ఒత్తాలో అక్కడ ఒత్తాడు. నేను విన్నవాటిలో అంత బాగా చెప్పడం అదే మొదలు.

ముగించి, వెళ్ళిపోలేదు. గొంతు సవరించుకుని, తనంతట తాను, తడుముకుంటూ, కొత్త వరస ఒకటి కలిపాడు. అది స్తోత్రంలో లేదు. ఎవరూ నేర్పలేదు. ఉన్న నాలుగు మాటలూ అటూ ఇటూ తిప్పి అతికించాడు.

ఈ ముసలి నోటికి ఉప్పు దొరకనీకు, నీళ్ళు దొరకనీకు.

అది తిట్టు. తిన్నగా హతలకి తగిలేలా తిట్టాడు. పైగా తప్పుల తడక. ఉప్పుకి ఒకలా, నీళ్ళకి ఒకలా ఉండాల్సిన మాట చివరలు తారుమారు చేశాడు.

హతల తలెత్తింది. అన్నేళ్ళలో ఆమెని ఆ భాషలో ఎవరూ ఒక్క మాట అనలేదు. మంచీ అనలేదు, చెడ్డా అనలేదు. ఆమె కళ్ళు మెరిశాయి. నాకు కింద నుంచి కూడా కనిపించింది.

"తప్పు," అంది, వాళ్ళ అమ్మ భాషలో. "సరిగ్గా తిట్టు."

"నువ్వు చెప్పు, ఎలాగో," అన్నాడు అతనూ అదే భాషలో.

చెప్పింది. అతను మళ్ళీ తిట్టాడు. ఈసారి బాగా కుదిరింది. హతల గుప్పెడు బార్లీ నా మీద పోసి, ఇంతకు మించిన తిట్టొకటి తీసింది. శుపియ కుండ పట్టుకుని పెరట్లోంచి వచ్చేసరికి ఇద్దరూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. కూతురికి ఒక్క ముక్క అర్థం కాలేదు. కొంప మునిగిందనుకుని కుండ జారవిడిచింది. అప్పుడు ఇద్దరూ ఆగి, ఒకేసారి, ఆ భాషలోనే, నీళ్ళన్నీ పారబోశావేమిటని ఆమెని కసిరారు.

హతల ఆ ఇంట్లోనే పోయింది, అదే కప్పు కింద. అప్పటికి ఆమెకి పళ్ళు లేవు కానీ నోరుంది. పెరువ ఆ తర్వాత కొన్నాళ్ళు పొద్దున్నే చేతులు కడుక్కుని నా దగ్గరికి వచ్చి, తన వంతు చెప్పి, ఆమె వంతు కోసం కాస్త ఆగేవాడు. తర్వాత అతనూ పోయాడు. పిల్లలకి స్తోత్రం వచ్చింది, అర్థం రాలేదు. వాళ్ళు దాన్ని మహా భక్తిగా పాడారు. గుడిలో కూడా పాడారు. దేవత ఏమనుకుందో మరి, పంటలు మాత్రం మామూలుగానే పండాయి.

హత్తుస్ మళ్ళీ కాలింది. తర్వాత వచ్చినవాళ్ళు కూడా ఈ మట్టి మాదే అన్నారు, వాళ్ళ తర్వాత వచ్చినవాళ్ళూ అన్నారు. నాకు విసుగొచ్చి పేర్లు గుర్తుపెట్టుకోవడం మానేశాను.

ఇప్పుడు ఈ గాజు అర ముందుకి పెద్దపెద్ద చదువులవాళ్ళు వస్తారు. హత్తి భాష చాలావరకు అర్థం కాలేదని, మిగిలినవన్నీ దేవతల పాటలేనని గంభీరంగా చెప్పుకుంటారు. వాళ్ళ వెనక వచ్చే జనం, అద్దం ముట్టుకోవద్దని రాసి ఉన్నా, జిడ్డు వేళ్ళతో ముట్టుకుని, "ఇంతేనా, రాయేగా!" అని వెళ్ళిపోతారు. వాళ్ళ వీపు చూసి ఆ భాషలో ఒక మంచి మాట అనుకుంటాను. మాట చివర మింగానో, గొంతులోంచే పలికానో, అది మాత్రం నాకు తెలియడం లేదు. తప్పు అనేవాళ్ళు లేరు.